ముంచి దాచిన పడవ

మా పిన్ని పడవ చలికాలం నుంచి వానలదాకా నీళ్ళ అడుగునే ఉంటుందని చెబితే, తెనాలిలో మా వీధి ఆడవాళ్ళు "అయ్యో పాపం, ఎప్పుడు మునిగింది?" అని అడుగుతారు. మునగలేదమ్మా, మేమే ముంచాం అంటే నా వంక అదోలా చూస్తారు. నాకు వాదన ఎలాగూ ఇష్టమే కాబట్టి వాళ్ళను గేటు దగ్గరే నిలబెట్టి మొత్తం చెబుతాను. అయితే మధ్యలో మా ఆయన స్కూటరు చప్పుడు వినిపిస్తే కొన్ని ముక్కలు మింగేస్తాను. ఇక్కడ ఆ మొహమాటం లేదు.

పిన్నిది రేపల్లె అవతల, కృష్ణ ఒడ్డునున్న ఊరు. ఇల్లు ఒడ్డున ఉంది గానీ పొలం ఏటి మధ్య లంకలో ఉంది. పసుపు, కంద, అరటి వేస్తారు. వానాకాలంలో వరద నీళ్ళు వచ్చి పాయ నిండితే లంకకు పడవ మీదే వెళ్ళాలి. కార్తీకం పోయి చలి ముదిరేసరికి పాయలో నీళ్ళు మోకాళ్ళదాకా దిగిపోతాయి. ట్రాక్టరు బుడబుడలాడుతూ దాటేస్తుంది. ఇక మళ్ళీ కొత్త నీళ్ళు వచ్చేదాకా పడవకు పని ఉండదు.

పని లేని చెక్క పడవను ఒడ్డున పడేస్తే ఎండకు ఎండిపోయి, పలకల మధ్య సందులు విడిపోతాయి. అందుకని దాన్ని ట్రక్కు మీద ఇంటి వెనక కుంటకు తెచ్చి, ఇసుక బస్తాలు వేసి, అంచులు కూడా కనపడకుండా ముంచేస్తారు. నానుతున్నంత కాలం చెక్క ఉబ్బి ఉంటుంది. పలకను పలక గట్టిగా ఒరుసుకుని, మధ్యలో వెంట్రుక కూడా దూరదు. వరద రాగానే తేల్చుకుని, తోడుకుని ఎక్కడమే. పిన్ని కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. పడవ మనుషుల్లాగా ఆరుబయట చలి కాగుతూ కూర్చోదు. దుప్పటి కప్పుకున్నట్టు నీళ్ళు కప్పుకుని పడుకుంటుంది.

ఆ చలికాలం మాత్రం గొడవ ముందే మొదలైంది. బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున రిసార్టు కట్టిన ఒకాయనకు పాత చెక్క పడవ కావాలట. గేటు ముందు ఇసుకలో నిలబెట్టి, సగం మట్టి నింపి, పూలమొక్కలు వేస్తాడట. వచ్చినవాళ్ళు దాని పక్కన ఫొటోలు దిగుతారట. మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, ఆ మాటకు పడిపోయాడు. ఇప్పుడు ఊళ్ళో చాలామందికి ఫైబర్ పడవలున్నాయి. వాటిని ముంచక్కర్లేదు, తేల్చక్కర్లేదు, చెట్టు కింద బోర్లిస్తే చాలు. వాడికీ అలాంటిది కావాలి.

"ప్రతి ఏడూ ముంచడం, ప్రతి ఏడూ తేల్చడం, నడుం విరిగిపోతుందే అమ్మా" అన్నాడు.

"నీ నడుం విరుగుతుందని నా పడవలో బంతిమొక్కలు నాటిస్తావా?" అంది పిన్ని.

నేనప్పుడు అక్కడే ఉన్నాను. నోరు మూసుకుని ఉంటే బాగుండేదని చాలామంది అభిప్రాయం. నేనన్నాను: "ఒరే, ఆ పడవ మోసుకొచ్చిన పంటతోనే నువ్వు బళ్ళోకి వెళ్ళావు. నిన్ను కూడా ఆ రిసార్టాయనకు ఇచ్చేద్దామా, గేటు ముందు నిలబడతావు?"

"అక్కా, నువ్వు తెనాలిలో ఫ్యాను కింద కూర్చుని మాట్లాడతావు. ఇక్కడ గడ వేసేది నేను."

చివరికి పిన్నే తీర్పు చెప్పింది. కొత్త నీళ్ళు వచ్చాక ఆవిడ గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, బల్ల మీద కాకుండా పడవ అడుగున చాప వేసుకుని కూర్చుని లంకకు వెళ్తుంది. చీర తడిస్తే పడవ బాపట్లకు పోవచ్చు. తడవకపోతే మా తమ్ముడు బతికుండగా ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. వాడు సరేనన్నాడు. ముసలి పడవ ఎక్కడో ఒకచోట కారకపోతుందా అని వాడి ధీమా. మార్గశిరంలో అందరం కలిసి దాన్ని యథావిధిగా ముంచాం.

తర్వాత పిన్ని కంట్లో శుక్లాలకు ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. తెనాలిలో చేయించి మా ఇంట్లోనే ఉంచుకున్నాను. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని హాల్లో కూర్చుని, ఎవరు వచ్చినా పోలీసు అధికారిలా తల తిప్పి చూసేది. వంగకూడదు, పొయ్యి దగ్గరకు పోకూడదు, తలస్నానం చేయకూడదు. ఇన్ని కూడదుల మధ్య ఆవిడకు మిగిలింది మాట్లాడటం ఒక్కటే. దానికి ఈ ఇంట్లో పోటీ ఎక్కువ.

"పడవ బాగానే ఉందంటావా?" అని రోజూ అడిగేది.

"నీళ్ళలో ఉన్నది ఎక్కడికి పోతుంది పిన్నీ, లేచి సినిమాకు వెళ్తుందా?" అనేదాన్ని.

ఆ మాటకు మా ఆయన పేపరు వెనక నుంచి నవ్వేవాడు. ఆయన నవ్వితే ఏదో జరిగిందని నేను అప్పుడే కనిపెట్టి ఉండాల్సింది. కానీ ఆయన క్రికెట్ స్కోరు చూసి కూడా అలాగే నవ్వుతాడు.

మా ఆయన గురించి రెండు ముక్కలు చెప్పాలి. తెనాలిలో రంగుల దుకాణం ఉంది. పుట్టింది మాత్రం అడవులదీవిలో. చిన్నప్పుడంతా సముద్రపు పడవల మధ్య తిరిగాడు. పిన్నంటే ఆయనకు ప్రాణం. కారణం నేను కాదు, ఆవిడ చేసే కంద బచ్చలికూర. సరుకు పని మీద రేపల్లె వెళ్ళినప్పుడల్లా పిన్ని ఊరికి వెళ్ళి, మా తమ్ముడితో కబుర్లు చెప్పి వచ్చేవాడు. పిన్ని మా ఇంట్లో ఉన్నప్పుడు కూడా వెళ్ళాడు, చాలాసార్లు వెళ్ళాడు. చేతులకు నీలం రంగు అంటుకుని వచ్చేవాడు. రంగుల కొట్టువాడి చేతులకు రంగు ఉంటే ఎవరికి అనుమానం?

మాఘమాసం నడిమధ్యలో డాక్టరు సరేనన్నాక పిన్నిని రేపల్లె బండి ఎక్కించి, అక్కడ నుంచి ఆటోలో ఊరికి తీసుకెళ్ళాం. ఇంటి వెనక్కి వెళ్ళగానే ఆవిడ నల్లకళ్ళద్దాలు పైకెత్తి చూసింది.

"ఎవరిదే ఆ పడవ? మన దొడ్లో పెట్టారేం?"

కుంట గట్టు మీద రెండు తాటిమొద్దుల మీద ఒక పడవ బోర్లించి ఉంది. ఆకాశం రంగు నీలం. పైన తెల్ల గీత. మిలమిలా మెరుస్తోంది. పెళ్ళికి వచ్చిన బ్యాండు మేళం బండిలా ఉంది.

మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి, "చూడండి అత్తయ్యా" అన్నాడు. ఆ గొంతులో ఎంత సంబరం! "మీదే. చెప్పకుండా చేద్దామని ఆగాను. నీళ్ళలో నుంచి తీయించి, కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి, రెండు పూతల రంగు వేశా. మంచి రకం."

పిన్ని కళ్ళద్దాలు సరిచేసుకుంది. మెల్లగా వెళ్ళి, తాటిమొద్దు పక్కనుంచి ఆ బోర్లించిన పడవ కిందికి దూరింది. పడిపోతుందేమోనని నేనూ వెనకే దూరాను. లోపల ఇద్దరం చతికిలబడ్డాం. చల్లగా, నూనె వాసన వేస్తోంది. తలెత్తి చూస్తే పైన ప్రతి రెండు పలకల మధ్యా వెలుగు. పిన్ని తెల్లచీర మీద ఎండ చారలు చారలుగా పడి, ఆవిడ నేత మగ్గం మీద కూర్చున్నట్టుంది.

"చూశావా?" అంది.

"చూశాను."

"ఈ సందుల్లో నుంచి నీళ్ళు కాదు, చేపపిల్లలు వస్తాయి." గొంతు తగ్గించింది. "నేను అల్లుణ్ణి ఒక్క మాట అనలేను. నువ్వు అనవే."

"ఏమనను?"

"నీకు నేర్పాలా? రోజూ ఆయన్ని ఏదో ఒకటి అనేదానివేగా."

నేను పడవ కింద నుంచి తల బయటపెట్టాను. "ఏవండీ, ఎవర్నడిగి తీశారు?"

"అదేంటే అట్లా అంటావు? పడవను నెలల తరబడి నీళ్ళలో వదిలేస్తారా ఎవరైనా? మా ఊళ్ళో వదిలితే పురుగు పట్టి, తొలిచి తొలిచి జల్లెడ చేస్తుంది. వాడకం లేకపోతే ఒడ్డుకు లాగి బోర్లించాలి. మా నాన్న..."

లోపల నుంచి పిన్ని నా చీర కుచ్చెళ్ళు లాగింది. "వాళ్ళది ఉప్పునీళ్ళని చెప్పు."

"మీది ఉప్పునీళ్ళటండీ."

"వినపడింది."

"ఆ పురుగు ఉప్పునీళ్ళలో ఉంటుందని చెప్పు. మా కుంటలో ఉండేవి కప్పలు. కప్పలు చెక్క తినవని చెప్పు."

"కప్పలు..."

"అదీ వినపడిందే!" అన్నాడు మా ఆయన. ఆయన మొహంలో సంబరం కొంచెం కొంచెంగా దిగిపోవడం చూస్తే నాకే జాలేసింది. ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేం లేదు. అంతా నిజమే, అడవులదీవిలో. సముద్రపు పాయల్లో మునిగిన చెక్కను పురుగు బతకనివ్వదు. ఇక్కడ మంచినీళ్ళలో మునగని చెక్కను ఎండ బతకనివ్వదు. ఒకే జిల్లాలో పుట్టి, ఒకే కూడు తిని, పడవ దగ్గరకొచ్చేసరికి ఒకరికొకరం పరదేశులం.

అయినా జాలి వేరు, అసలు విషయం వేరు. నేను బయటికొచ్చి చీర దులుపుకుని మా తమ్ముడి వైపు తిరిగాను. వాడు జామచెట్టుకు ఆనుకుని, చాలా అమాయకంగా కాయ కొరుకుతున్నాడు.

"ఒరే, ఆయనంటే సముద్రపు మనిషి. నువ్వు ఏటి ఒడ్డున పుట్టావు. నీకు తెలియదా?"

"బావ అంత ముచ్చటపడి చేస్తుంటే వద్దంటే బాగుంటుందా అక్కా? మర్యాద కాదు."

"మర్యాద నీ దగ్గర ఎప్పటి నుంచి దొరుకుతోంది?"

"మరీ అట్లా అనకు. మొద్దులు నేనే మోశాను. బ్రష్షు కూడా నేనే పట్టుకున్నా."

మా ఆయన వాడి వంక చూశాడు. మెల్లగా అర్థమైంది. "అంటే నువ్వు కావాలనే..."

"బావా, బావమరిది అన్నాక ఆ మాత్రం ఉండదా?"

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో అందరికంటే ముందు నవ్వింది పిన్ని. పడవ కింద నుంచి ఆ నవ్వు గుడగుడమని వినిపించింది, కుండలో నుంచి నవ్వినట్టు.

మా ఆయన మాత్రం ఓటమి ఒప్పుకునే రకం కాదు. ఆ విషయంలో మేమిద్దరం సరిజోడు. "షాపులో మంచి లప్పం ఉంది, సందులన్నీ నింపేస్తా" అన్నాడు. పిన్ని బయటికొచ్చి, అల్లుడనే సంగతి ఒక్క క్షణం మరిచిపోయి, "వద్దు బాబూ!" అని గట్టిగా అరిచింది. ఎండిన సందును గట్టి సరుకుతో నింపితే, రేపు చెక్క నాని ఉబ్బినప్పుడు దానికి చోటు ఉండదు. పలకలు ఒకదాన్నొకటి తోసుకుని మేకులు ఊడిపోతాయి. చేయాల్సింది ఒక్కటే. మళ్ళీ ముంచాలి. చెక్కకు ఓపిక ఉంటే దానంతటదే కలుసుకుంటుంది.

"కలవకపోతే?" అన్నాను.

"కలవకపోతే బంతిమొక్కలు" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ చేయి నీలం పలక మీదే ఉంది. ఎవరికీ కనపడకుండా నిమురుతోంది. నాకు కనపడింది.

ముంచడం కూడా అంత తేలిగ్గా కాలేదు. మార్గశిరంలో నానిన చెక్క బుద్ధిగా మునిగింది. ఇప్పుడు ఎండిన చెక్క మునగనని మొండికేసింది. కుంటలోకి దించగానే అన్ని సందుల్లో నుంచీ నీళ్ళు చిమ్మాయి, నిమిషాల్లో నిండిపోయింది. కానీ అంచులు పైకి పెట్టుకుని తేలుతూనే ఉంది. బస్తాలు వేశాం. ఒక మూల దిగితే ఇంకో మూల లేచింది. మా తమ్ముడు ఎక్కాడు, చాలలేదు. పిన్ని గట్టు మీద కుర్చీ వేయించుకుని, నల్లకళ్ళద్దాలతో ఆజ్ఞలిస్తోంది.

"అమ్మాయ్, నువ్వూ ఎక్కవే. నీ బరువు ఇన్నాళ్ళకు ఒక మంచి పనికొస్తుంది."

చీర దోపి ఎక్కాను. మోకాలిదాకా చల్లటి నీళ్ళు. పడవ కొంచెం వంగింది గానీ లొంగలేదు. అప్పుడు మా ఆయన ప్యాంటు మడిచి, చొక్కా విప్పకుండానే దిగి, నడిమధ్యలో ఎక్కి నిలబడ్డాడు. పడవ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, మెల్లగా, ఎంతో గౌరవంగా, ముగ్గురితో సహా కిందికి దిగింది. చివరికి కుంటలో నడుం లోతున ముగ్గురం వరసగా నిలబడి ఉన్నాం, కాళ్ళ కింద పడవ ఉందని తెలియనివాళ్ళకు పిచ్చివాళ్ళలా కనపడతాం. దారిన పోయే ఒకాయన సైకిలు ఆపి, "ఏంటండీ, ఏమన్నా పోయిందా?" అని అడిగాడు.

"పోలేదండీ. దాచుకుంటున్నాం" అన్నాడు మా ఆయన.

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన అన్న మాటల్లో నాకు నచ్చినవి తక్కువ. అందులో ఇదొకటి.

వేసవి వచ్చింది. కాలువలు కట్టేసే ముందు కుంట నిండా నీళ్ళు పెట్టించింది పిన్ని. నేను వెళ్ళినప్పుడల్లా గట్టు మీద నిలబడి చూసేదాన్ని. ఆకుపచ్చ నీళ్ళ కింద నీలం నీడ తప్ప ఏం కనపడేది కాదు. కలిశాయో లేదో అడగడానికి వీల్లేదు, తీసి చూడటానికి వీల్లేదు. ఆరాటం నాకు చేతకాని పని, అందుకని దాని బదులు అందరితో పోట్లాడాను.

రిసార్టాయన ఒకసారి కారు వేసుకుని స్వయంగా వచ్చాడు. నేనే ఎదురెళ్ళాను.

"పడవ చూద్దామండీ. ఎక్కడుంది?"

"నీళ్ళలో."

కుంట వైపు చూశాడు. "నీళ్ళ మీద కనపడట్లేదే."

"మీద కాదండీ, కింద."

"అయ్యో, మునిగిపోయిందా?"

"ముంచాం."

ఆయన నన్ను, కుంటను, మళ్ళీ నన్ను చూశాడు. పాపం మర్యాదస్తుడు. "ఫర్వాలేదండీ, మాకు కారినా ఇబ్బంది లేదు. మొక్కలకు నీళ్ళు దిగాలిగా. కారితేనే మంచిది" అన్నాడు. ఆ మాటకు పిన్ని ఆయనకు ఇవ్వబోయిన మజ్జిగ గ్లాసు వెనక్కి తీసుకుంది. మళ్ళీ ఏమనుకుందో ఇచ్చేసింది, ఉప్పు మాత్రం వేయలేదు.

శ్రావణంలో పాయకు ఎర్రనీళ్ళు వచ్చాయని తమ్ముడు ఫోన్ చేశాడు. మా ఆయన కొట్టు మూసేసి మరీ బయల్దేరాడు. ఇరుగుపొరుగు కూడా వచ్చారు, సగంమంది సాయానికి, సగంమంది చూడటానికి. మగవాళ్ళు కుంటలో దిగి, మునిగి మునిగి బస్తాలు తీసేశారు. తాళ్ళు కట్టి అంచులు నీళ్ళపైకి వచ్చేలా ఎత్తి పట్టుకున్నారు. అంచు పైకి తేలగానే లోపలి నీళ్ళు ఒక్కసారిగా ఉడికినట్టు కదిలాయి. ఏదో తపుక్కున ఎగిరి మా ఆయన చెంప మీద కొట్టింది.

"పాము!" అని అరిచి వెనక్కి పడ్డాడు.

"పాము కాదు బావా, కూర!" అన్నాడు తమ్ముడు.

పడవ నిండా చేపలు! వేసవంతా ఎండ తగలని చల్లటి ఇల్లు దొరికిందని కొరమీనులు, జెల్లలు అందులో కాపురం పెట్టాయి. ఇంత పొడుగు కొరమీనులు, నల్లగా నిగనిగలాడుతూ. బకెట్లతో నీళ్ళు తోడటం మానేసి అందరూ చేపల మీద పడ్డారు. ఒకటి పట్టుకుంటే రెండు జారిపోతున్నాయి. సాయానికి వచ్చిన వాళ్ళు, చూడటానికి వచ్చిన వాళ్ళు అనే తేడా పోయింది. ఆ మధ్యాహ్నం ఆ వీధిలో చేపల పులుసు కాగని పొయ్యి లేదు.

పులుసు కంటే ముందు పిన్ని చూసింది పడవ అడుగు. నీళ్ళన్నీ తోడాక వంగి వేలితో ఒక్కో సందూ తడిమింది. పలకలు ఉబ్బి దగ్గరకు వచ్చిన చోటల్లా నీలం రంగు పొరలు పొరలుగా ఊడి, పాము కుబుసంలా వేలాడుతోంది. రంగు కింద చెక్క నల్లగా, బిర్రుగా ఉంది. ఆవిడ వేలు కొంగుకు తుడుచుకుని లేచింది.

పడవను పాయలో దించి, లోపలి తడి ఆరేదాకా ఒడ్డున కట్టి ఉంచాం. తర్వాత ఒక ఉదయం పిన్ని పేరాల నేత చీర కట్టుకుని వచ్చింది. మీగడ రంగు, ఎర్ర అంచు. గంజి ఎంత పెట్టిందంటే నడుస్తుంటే కరకరలాడుతోంది. అడుగున తాటాకు చాప వేయించుకుని, మఠం వేసుకుని కూర్చుంది. తమ్ముడు గడ అందుకున్నాడు. మా ఆయన ముందు, నేను పిన్ని ఎదురుగా. నీళ్ళు ఎర్రగా, జోరుగా ఉన్నాయి. నా కళ్ళు ఏటి మీద లేవు, ఆ చాప అంచుల మీదే ఉన్నాయి.

లంక ఒడ్డున పడవ ఆగింది. పిన్ని లేచి, మా అందరికీ వీపు చూపించి, "చూడరా" అంది.

"అదిగో!" అన్నాడు తమ్ముడు. "తడి!"

నిజంగానే భుజం మీద కొంగు దగ్గర అరచేయంత తడి. నేనూ ముందుకు వంగి చూశాను. ఆ తర్వాత నా బుర్ర పనిచేసింది.

"ఒరే, పడవ అడుగున కారితే భుజం తడుస్తుందా? మనిషి భుజాల మీద కూర్చుంటుందా? గడ ఎత్తినప్పుడల్లా నీళ్ళు కార్చుకుంటూ వచ్చింది నువ్వు. కూర్చున్న చోట చూడు."

కూర్చున్న చోట గంజి మడత కూడా చెదరలేదు. నేను చాప ఎత్తి, కింద చెక్క మీద అరచేయి రుద్ది వాడి మొహం ముందు పెట్టాను. పొడిగా ఉంది. వాడు నమ్మక తను కూడా వంగి రుద్దాడు. మా ఆయన కూడా రుద్దాడు, ఎవరూ అడగకపోయినా. తమ్ముడు కాసేపు ఆ అరచేతిని చూసుకుని, నవ్వేసి, అక్కడే జేబులోంచి ఫోన్ తీశాడు.

"సార్, పడవ ఇవ్వమండీ... లేదండీ, ఇంకెవరికీ అమ్మలేదు. మా అమ్మ కూర్చుని ఉందండీ అందులో."

తిరిగి వచ్చేటప్పుడు పిన్ని దర్జాగా బల్ల మీద కూర్చుంది. సగం నీలం, సగం నలుపుగా గజ్జి పట్టినట్టున్న అంచును చేత్తో తడుతూ, "అల్లుడుగారూ, ఈ రంగు ఇంకో డబ్బా ఉందా?" అని అడిగింది. "లంకలో పొలం దగ్గర నుంచి చూస్తే ఒడ్డున మన పడవ చక్కగా ఆనుతోంది. నా కళ్ళకు కూడా."

మా ఆయన మొహం చూడాలి. "ఉందత్తయ్యా, ఎన్ని కావాలంటే అన్ని. మార్గశిరంలో ముంచే ముందు..."

"తేల్చాక" అన్నాం నేనూ, తమ్ముడూ, పిన్నీ ఒకేసారి.